జీపు వెనక యాక్సిల్ పని

పాత మహీంద్రా జీపు వెనక యాక్సిల్ ఎట్టకేలకు విప్పాం. కుడి బ్రేక్ డ్రమ్ము ఊడగానే గేర్ ఆయిల్ వాసన గుప్పుమంది. బ్రేక్ షూలు నూనెలో నానిపోయాయి. నూనె బయటికి కారకుండా ఆపే సీలు పాడైందని చూడగానే తెలుస్తుంది, కానీ ఎందుకు పాడైందన్నదే అసలు విషయం. యాక్సిల్ గొట్టం మీది బ్రీదర్, అంటే లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి, మట్టితో పూడుకుపోయింది. వేడెక్కిన గాలికి దారిలేక, సీలు అంచులోంచి నూనెను బయటికి నెడుతోంది.

బేరింగు రోలర్ల మీద గుంటలు. రోలర్లు దొర్లే బయటి కప్పు బాగానే ఉంది, ఉంచేద్దామన్నారు మెకానిక్ గారు. నేను ఒప్పుకోలేదు. రెండూ జతగానే మార్చాం.

షాఫ్టు మీద పాత సీలు రాసుకున్నచోట గోరుకు తగిలేంత గాడి! కొత్త సీలు పెదవి అందులో పడకుండా కాస్త జరిపి, నూనె రాసి, చెక్కముక్క అడ్డుపెట్టి చుట్టూ సమంగా తడుతూ కూర్చోబెట్టాం. ఎంత ముచ్చటగా ఒదిగిందో! ఇక షిమ్ములు, అంటే పలచటి రేకులు, పెట్టి షాఫ్టు కదలిక సరిచూడాలి.