కాలి ఎముకలో రాడ్డు

బండి మీద నుంచి పడి మోకాలి కింది పెద్ద ఎముక విరిగింది. విరిగిన ఎముక చోటు తప్పకుండా ఉంటే పిండికట్టుతో అతుకుతుంది. నా ఎక్స్‌రేలో ముక్కలు ఒకదాని మీదికొకటి ఎక్కి మెలిపడ్డాయి, అందుకే ఆపరేషన్. ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే మాత్రం తొందర ఎక్కువ: యాంటీబయాటిక్ గంటలోపే పడాలి, గాయం లోపలిదాకా కడగాలి.

పుత్తూరు కట్టు వేయించమని చుట్టాల సలహా. వాస్తున్న కాలికి బిగుతు కట్టు ఎవరు కట్టినా గండమే. పిక్క కండరాల చుట్టూ సాగని పొర ఉంటుంది. లోపల వాపు పెరిగితే రక్తం అందక కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది. మందు పడ్డా తగ్గని నొప్పి, బొటనవేలు పట్టి కదిపితే ప్రాణం పోయినట్టుండటం దాని గుర్తులు. పాదంలో నాడి ఆడుతోంది కదా అని ధీమా పనికిరాదు, అది చివరిదాకా ఆడుతూనే ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక కూడా 2 రోజులు ఈ కాపలా తప్పదు. అర్ధరాత్రైనా నర్సును పిలవాల్సిందే.

ఆపరేషన్‌కు 6 గంటల ముందు నుంచి తిండి బంద్, 2 గంటల ముందు నుంచి మంచినీళ్లూ బంద్. కాఫీలో పాలుంటాయి కాబట్టి అదీ తిండి లెక్కే. వెన్నులో మత్తిచ్చి, మోకాలి చిప్ప దగ్గర గాటు పెట్టి, మూలుగ ఉండే బోలులోకి రాడ్డు దించారు. సుత్తి చప్పుడు వినిపిస్తుంది, నొప్పి తెలియదు. పైనా కిందా అడ్డంగా పడే స్క్రూలు కాలు మెలిపడకుండా, పొట్టి కాకుండా ఆపుతాయి.

"10 కిలోల బరువే ఆనించండి" అంటే ఎలా తెలుస్తుంది? బరువు తూచే మిషను మీద ఆ పాదం పెట్టి ముల్లు 10 చూపేదాకా నాలుగైదుసార్లు నొక్కితే ఒంటికి పట్టుబడుతుంది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. చంకకర్రల మీద బరువు చంకల్లో కాదు, అరచేతుల్లో పడాలి. లేదంటే నరం నొక్కుకుని చేతికి తిమ్మిరి.

అతకడానికి 4 నుంచి 6 నెలలు. సిగరెట్ తాగేవాళ్లకు ఇంకా ఆలస్యం. అతుకు పడకుండా నెలల తరబడి నడిస్తే ఇనుమైనా అలిసిపోయి స్క్రూ విరుగుతుంది.

మోకాళ్ల మీద కూర్చుంటే చిప్ప కింద పోటు ఇప్పటికీ ఉంది. రాడ్డు తీయించినా అది అందరికీ పోదన్నారు. నేను తీయించలేదు.