అప్పూఘర్ దాకా నడిచాక

కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, మధ్యాహ్నం ఎండలోనే గిరి ప్రదక్షిణ మొదలుపెట్టాం. ఆషాఢ పున్నమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, కాళ్ళకి చెప్పుల్లేకుండా. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక దాటేదాకా కబుర్లే కబుర్లు. దారి పొడుగునా వద్దన్నా చేతిలో పెట్టే మజ్జిగ, పులిహోర. అప్పూఘర్ దగ్గర సముద్రం కనబడగానే అందరూ స్నానానికి దిగారు. నేను మాత్రం ఇసకలో కూలబడ్డాను. మనవడు వచ్చి పక్కన కూర్చుని, "తాతా, సబ్‌మెరైన్ మునిగింది ఇక్కడేనా?" అన్నాడు.

ఇక్కడ కాదు, కాస్త దక్షిణంగా, హార్బరు బయట.

1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు, నాకు వాడి వయసే. మా ఇల్లు పాత ఊళ్ళో, బురుజుపేట దగ్గర. కిటికీ అద్దాలకి మైదా జిగురుతో నల్ల కాగితాలు, లారీల హెడ్‌లైట్లకి సగం దాకా నల్ల రంగు. సైరన్ మోగితే దీపాలన్నీ ఆర్పేయాలి. మా తాత చుట్ట కాల్చుకోవడానికి అరుగు మీదకి వచ్చినా వీధి వీధంతా కేకలేసేది. పిల్లలకైతే అది పండగే. చదువు లేదు, చీకట్లో దాగుడుమూతలు.

భయమంతా మా మామ్మది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులేసినప్పుడు మూడేళ్ళ మా నాన్నని చంకనేసుకుని ఊరొదిలి వెళ్ళిన మనిషి. ఈసారి ఎవరెంత చెప్పినా కదల్లేదు. "ఓసారి పరిగెట్టానర్రా, ఇంక నా వల్ల కాదు. అప్పన్న ఉన్నాడు."

డిసెంబరు 3 పున్నమి వెళ్ళిన మర్నాడు. దీపాలు ఎన్ని ఆర్పితే ఏం, వెన్నెల్లో పెంకుటిళ్ళన్నీ తేటగా కనబడుతున్నాయి. "ఆ చందమామనెవరు ఆర్పుతారూ" అని మామ్మ సణుగుడు. అర్ధరాత్రి దాటాక సముద్రం వైపునుంచి పెద్ద చప్పుడు. కిటికీ రెక్కలు అదిరిపోయాయి.

అది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అని కొన్నాళ్ళకి తెలిసింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచడానికి వచ్చిందట. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయింది. రాజ్‌పుత్ నౌక దెబ్బకే మునిగిందని మన నేవీ, కాదు దాని మైనే (సముద్రంలో పెట్టే మందుపాతర) పేలిందని వాళ్ళూ ఇప్పటికీ అంటూనే ఉన్నారు. లోపలున్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కడూ మిగల్లేదు. మేం మాత్రం వీధిలో ఘాజీ ఆట కనిపెట్టాం. ఘాజీగా ఉండడానికి ఎవడూ ఒప్పుకునేవాడు కాదు. పంటలేసి ఎవడో ఒకణ్ణి బలవంతంగా కూర్చోబెట్టి మీద పడేవాళ్ళం.

16వ తేదీ గురువారం, మార్గశిరంలో ఆఖరి గురువారం. పసుపు కుంకుమలతో కనకమహాలక్ష్మి గుడికి వెళ్ళిన అమ్మా మామ్మా తిరిగొచ్చాక రేడియోలో వార్త: ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. మర్నాడు పడమటి సరిహద్దులోనూ కాల్పులు ఆగాయి. ఇంక ఆగుతామా! కిటికీ కాగితాలు చింపే పని పిల్లలదే. దీపావళికి మిగిలిన మతాబులన్నీ బయటికొచ్చాయి. నాన్న వీధంతా బెల్లం ముక్కలు పంచాడు. పెద్దవాళ్ళు గెలిచాం గెలిచాం అంటున్నారు గానీ, మా సంబరం గెలిచినందుకు కాదు, అన్ని ఇళ్ళలో ఒకేసారి దీపాలు వెలిగినందుకు. అద్దాల మీద జిగురు మరకలు సంక్రాంతికి గాని పోలేదు. ఆ పండగ వెళ్ళాక మామ్మ సింహాచలం మెట్లెక్కి మొక్కు తీర్చుకుంది.

మనవడు అంతా విని, "అది ఇంకా అడుగునే ఉందా?" అన్నాడు. ఉందన్నాను.

"వాళ్ళూ లోపలే ఉన్నారా? మరి వాళ్ళ పేరున కూడా ఓ మునక వేసి రానా?"

అప్పటికే వాళ్ళమ్మ తువ్వాలుతో వాడి తల పట్టుకుంది, ఇంకోసారి దిగితే జ్వరం వస్తుందని. ఎంవీపీ కాలనీ వైపు కదిలాం. సగం పైన దూరం ఇంకా మిగిలే ఉంది.