ఎక్కువైన 33 పదాలు

"ఇంకా 33 పదాలు ఎక్కువున్నాయి నాన్నా" అంటూ మా అమ్మాయి రాత్రి పదకొండు గంటలకు లాప్‌టాప్‌ను నా ముందుకు జరిపింది. అమెరికాలో చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో రాయవలసిన వ్యాసానికి గరిష్ఠ పరిమితి 650 పదాలు కాగా, తను రాసింది 683.

కొద్దిగా మించితే ఎవరు లెక్కపెడతారులే అని అనబోయాను గాని, 650 దాటిన వ్యాసాన్ని ఆ దరఖాస్తు అసలు స్వీకరించదని తను చూపించింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి రాయవలసిన నాలుగు జవాబులకైతే ఒక్కొక్కదానికి 350 పదాలే హద్దు.

తెనాలిలో తాతయ్య కుట్టుమిషన్ పక్కన కూర్చుని కాజాలు కుట్టడం నేర్చుకున్న వేసవి గురించి తను రాసింది. మొదట ఆ కాజాల వాక్యాన్నే తీసేయబోతే నేను ఆపాను. అది లేకపోతే ఆ వ్యాసం ఎవరు రాసినా అలాగే ఉంటుంది. చివరకు, ఈ అనుభవం వల్ల ఓర్పు అలవడిందని చెప్పే ముగింపు పేరాను తొలగించాం. 638 పదాలు మిగిలాయి.

ఇంకో 12 పదాలు నింపుదామా అని అడిగితే వద్దన్నాను. హద్దు దాటకూడదన్నది కచ్చితమైన నియమమే గాని, దాని అంచు వరకూ రాసి తీరాలని ఎవరూ అడగలేదు. అక్కడ కనీస పరిమితి 250 పదాలు మాత్రమే.

తను నిద్రపోయాక ఆ కాజాల వాక్యాన్ని మరోసారి చదువుకున్నాను.