టీఎంఎస్‌లో మిషన్ కన్నా కాయిల్ పెట్టే చోటే ముఖ్యం

డిప్రెషన్‌కి రెండు మూడు రకాల మాత్రలు మార్చినా గుణం కనిపించకపోతే డాక్టర్లు టీఎంఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ మ్యాగ్నెటిక్ స్టిమ్యులేషన్) మాట ఎత్తుతారు. అంటే తలమీద తీగచుట్ట (కాయిల్) ఆనించి, అయస్కాంత పల్సులతో మెదడుని తట్టడం. హిందూపురం, అనంతపురం వైపు నుంచి బెంగళూరు నిమ్హాన్స్‌కి వచ్చేవాళ్లలో దీన్ని కరెంటు షాక్ అనుకుని హడలిపోయేవాళ్లున్నారు. అది వేరు. ఇందులో మత్తు ఉండదు, మనిషి కుర్చీలో మెలకువగానే ఉంటాడు.

డిప్రెషన్‌లో అతిగా పనిచేసే సబ్‌జీన్యువల్ సింగ్యులేట్ అనే భాగం మెదడు లోతున ఉంటుంది. ఎనిమిది అంకె ఆకారపు కాయిల్ ప్రభావం రెండు మూడు సెంటీమీటర్లు దాటి లోపలికి పోదు. అందుకే దానితో సర్క్యూట్ కలిసిన పైభాగాన్ని, అంటే ఎడమ నుదుటి వెనకున్న డీఎల్‌పీఎఫ్‌సీ (డోర్సోలేటరల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్) అనే భాగాన్ని తడతారు. ఈ రెండు చోట్ల పని ఎంత ఎదురెదురుగా నడిస్తే, అంటే ఒకటి పెరిగినప్పుడు రెండోది తగ్గుతుంటే, ఫలితం అంత బాగుంటోందని 2012లో పరిశోధకుడు మైఖేల్ ఫాక్స్ బృందం చూపింది.

ముందు మోటార్ థ్రెషోల్డ్ కొలుస్తారు: 10 పల్సుల్లో 5 సార్లు కుడి చేతి బొటనవేలు అదరడానికి కావలసిన కనీస శక్తి. చికిత్స సాధారణంగా దానికి 120 శాతంలో ఇస్తారు. తలమీద ఎక్కడ తడితే బొటనవేలు కదిలిందో ఆ చోటు నుంచి 5 సెంటీమీటర్లు ముందుకు జరపడం పాత పద్ధతి. తల పెద్దదైతే కాయిల్ కదలికలకి సంబంధించిన ప్రీమోటార్ భాగం మీదే ఆగిపోతుంది, సెషన్లన్నీ గురి తప్పినట్టే. ముక్కు మొదలు నుంచి తల వెనక గుబ్బదాకా, చెవి నుంచి చెవిదాకా, తల చుట్టూ టేపుతో కొలిచి ఎఫ్3 (ఈఈజీ పరీక్షలో వాడే తలమీది ఒక గుర్తు) గుర్తించే బీమ్ పద్ధతి దానికన్నా నయం. ఎంఆర్ఐ నావిగేషన్ ఉంటే ఇంకా మంచిది.

సరిగ్గా గుర్తుపెట్టినా రోజువారీ తప్పులుంటాయి. గుర్తులున్న టోపీ అరంగుళం జరిగినా గురి మారుతుంది. జడ పైకి చుట్టి ముడేస్తే కాయిల్ తలకి ఆనదు; దూరం కొద్దిగా పెరిగినా శక్తి బాగా పడిపోతుంది. పిన్నులు, కమ్మలు తీసేయాలి, చెవుల్లో ప్లగ్గులు పెట్టించుకోవాలి. కాక్లియర్ ఇంప్లాంట్, మెదడులో లోహపు క్లిప్ ఉంటే ముందే చెప్పాలి.

10 హెర్ట్జ్ సెషన్: 4 సెకన్లు కొట్టి 26 సెకన్లు ఆగుతూ 3000 పల్సులు, 37న్నర నిమిషాలు. పల్సుల్ని చిన్న చిన్న గుంపులుగా ఇచ్చే తీటా బర్స్ట్ అయితే 600 పల్సులు, మూడు నిమిషాల చిల్లర. 2018 కెనడా ట్రయల్‌లో ఇది మొదటిదానికి తీసిపోలేదు. ఏదైనా వారానికి 5 రోజులు, 20 నుంచి 30 సెషన్లు. కాబట్టి బెంగళూరులో గది అద్దె మాత్రం తగ్గదు!

ఫిట్స్ రావడం చాలా అరుదు. కానీ నిద్రలేమి ఆ ముప్పు పెంచుతుంది. రాత్రంతా బస్సులో కూర్చుని పొద్దున్నే నేరుగా సెషన్‌కి వెళ్లకండి. ఆందోళనకి, ఫిట్స్‌కి వాడే క్లోనజెపాం లాంటి మాత్ర ఆపినా, డోసు మార్చినా చెప్పి, థ్రెషోల్డ్ మళ్లీ కొలిచాకే కుర్చీ ఎక్కండి.