పక్కన కూర్చుని విన్నవి

విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత కళాశాలలో వాయులీనం నేర్చుకుని బయటికి వచ్చి ఇరవై ఆరేళ్లయింది. ఇన్నేళ్లూ నాకు అన్నం పెట్టింది పక్కవాద్యమే. ఏకవాద్య కచేరీలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని చేశాను. మిగిలినవన్నీ గాత్రానికో, హరికథకో, కూచిపూడి నాట్యానికో పక్కన కూర్చుని వాయించినవి. పూర్వ విద్యార్థుల సంచికకు వ్యాసం పంపమన్నప్పుడు ఆ పక్కన కూర్చోవడం గురించే రాయాలనిపించింది, ఎందుకంటే అది నాకు మన తరగతి గదిలోనే అబ్బింది.

1919లో విజయరామ గజపతిరాజు గారు ఈ కళాశాలను నెలకొల్పినప్పుడు ప్రధానాచార్యులుగా హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు, ఫిడేలు ఆచార్యులుగా ద్వారం వెంకటస్వామినాయుడు గారు వచ్చారు. దాసుగారి తర్వాత 1936లో ఆ పీఠం నాయుడుగారిదే అయింది. కథ చెప్పే గొంతూ దాని వెంట నడిచే ఫిడేలు కమానూ ఒకే కప్పు కింద ఉండేవన్నమాట. ఘంటసాలగారు ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకునే మధుకరం ఎత్తుకుంటూ సంగీతం నేర్చుకున్న ఊరిలో, ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుని చదివిన నాకు, ఒక పూట సాధన మానడానికి ఏ సాకూ చాలినదిగా కనిపించేది కాదు.

మా గురువుగారు రెండో సంవత్సరంలో భైరవి రాగంలోని అట తాళ వర్ణం, అంటే సాధనకు ఆధారమైన ఒక రచన, మొదలుపెట్టారు. భైరవిలో స్వరాలు ఎక్కే ఆరోహణకు చతుశ్శ్రుతి ధైవతం (పై 'ద'), దిగే అవరోహణకు శుద్ధ ధైవతం (కింది 'ద') అని పుస్తకంలో ఒక్క వాక్యంలో ఉంటుంది. ఆ వాక్యం నా ఎడమచేతి చూపుడువేలికి ఎక్కడానికి దాదాపు నెల పట్టింది. గురువుగారు పాడేవారు, మేము కళ్లు మూసుకుని వారి గొంతు వెనకే వాయించాలి. కమాను ముందుకు పోతే ఆపేసేవారు. "సాహిత్యం వినపడడం లేదమ్మా, అక్షరం ఎక్కడ విరిగిందో అక్కడే కమాను తిరగాలి" అనేవారు. దీర్ఘానికి కమాను సాగదీయడం, ద్విత్వాక్షరం దగ్గర చిన్నగా ఒత్తడం, ఊపిరి తీసుకునే చోట చెయ్యి తేలిక చేయడం అన్నీ అలా వచ్చినవే. ఈనాటికీ కొత్త గాయకులెవరైనా కచేరీకి పిలిస్తే ముందుగా అడిగేది రాగాల జాబితా కాదు, కీర్తనల సాహిత్యం.

హరికథకు ఆ ముందస్తు జాబితా కూడా ఉండదు. కథ చెప్పే హరిదాసుగారు చిడతలు పట్టుకుని నిలబడ్డాక వచనం ఎక్కడ ఆగుతుందో, పద్యం ఏ రాగంలో లేస్తుందో వారికే తెలుసు. మొదటి అక్షరం విన్న క్షణంలో రాగం పోల్చుకుని, రెండో అక్షరానికి కమాను అందించాలి. ఒక వైశాఖ మాసపు రాత్రి ఒక గుడి ముందు గజేంద్రమోక్షం జరుగుతుండగా, ఏనుగు మొర పెట్టుకునే పద్యంలో నా వాయులీనంలో పై స్వరాలు పలికే పంచమం తీగ తెగిపోయింది. వేరే తీగ వేసుకునే వ్యవధి లేదు. చేతిని బ్రిడ్జి వైపు జరిపి, పై స్వరాలన్నీ రెండో తీగ అయిన షడ్జం మీదే పట్టుకుంటూ పద్యం పూర్తిచేశాను. హరిదాసుగారు ఒక్కసారి నా వైపు చూసి, తర్వాతి పద్యాన్ని కావాలనే మంద్రంలో, అంటే కింది స్థాయిలో, ఎత్తుకున్నారు. ముందువరసలోని వారికి కూడా ఏమీ తెలియలేదు. అంతమంది ఎదుట తన గొంతును నా కోసం దించిన ఆ పెద్దమనిషిని తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమ్మగిల్లుతాయి.

నా దినచర్య చిన్నది. తెల్లవారుజామున సాధన, సాయంత్రం నలుగురైదుగురు పిల్లలకు పాఠం, మధ్యలో వాద్యం బాగోగులు. మన తీరప్రాంతపు వానాకాలంలో తీగలు బిగించే బిరడలు ఉబ్బి బిగుసుకుపోతాయి కాబట్టి వాటిని తీసి తుడిచి మళ్లీ తిప్పుకోవాలి. కచేరీ ఎంత పొద్దుపోయి ముగిసినా కమాను వెంట్రుకలు వదులు చేసి, తీగల కింద పేరుకున్న తెల్లటి రోజిన్ పొడిని మెత్తటి గుడ్డతో తుడవనిదే పెట్టె మూయను. చిన్నప్పుడు ఆకాశవాణి విజయవాడ భక్తిరంజనితో తెల్లవారేది. ఆ పాటల్లో మాట చెడకుండా స్వరం నడిచే తీరు నాకు తొలి పాఠం.

తాళానికి మాత్రం నా ప్రేరణ తప్పెటగుళ్లు. గుండెకు కట్టుకున్న గుండ్రటి తప్పెటను రెండు చేతులా వాయిస్తూ, గజ్జెల కాళ్లతో ఎగురుతూ, ఊపిరి తెగకుండా పాడే ఉత్తరాంధ్ర కళాకారులను చూసిన ప్రతిసారీ, కూర్చుని వాయించే నేను లయను ఇంకా శరీరంలోకి దింపుకోలేదని తెలుస్తుంది. వారిని చూసి వచ్చిన రోజు వర్ణాన్ని నిలబడి, అడుగులతో తాళం వేసుకుంటూ నోటితో పాడి, ఆ తర్వాతే వాద్యం తీస్తాను. శాస్త్రీయ సంగీత విద్యార్థులందరికీ ఆ కళ దగ్గరగా చూసే అవకాశం ఉండాలని గట్టిగా కోరుకుంటాను.

ఈ ఉదయం కూడా భైరవి వర్ణమే వాయించాను. మొదటి కాలంలో, అంటే మొదటి వేగంలో, పద్నాలుగు అక్షరాల తాళపు చుట్టు (ఆవర్తనం) నిదానంగా నడిచింది, రెండో కాలమూ నిలిచింది. మూడో కాలంలో దిగివచ్చేటప్పుడు శుద్ధ ధైవతం వెంట్రుకవాసి పైకి పలికింది. గురువుగారు ఉంటే అక్కడే ఆపేసేవారు కనుక ఆపి, పల్లవి నుంచి మళ్లీ ఎత్తుకున్నాను.