లాంకాస్టర్ తోక టరెట్: ఎడమ పై మూల ఇంకా లొంగలేదు

నేను కడుతున్న 1/72 (అసలులో 72వ వంతు) ప్లాస్టిక్ లాంకాస్టర్ మోడల్‌లో తోక టరెట్ అద్దం, కిటికీ కోస్తుంటే, ఎడమ పై మూల దగ్గర మళ్ళీ పగిలింది. లాంకాస్టర్ రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ బాంబర్ విమానం; టరెట్ అంటే గన్నర్ కూర్చునే, తిరిగే తుపాకుల గది. అయితే ఈసారి పగులు 2 మి.మీ. దగ్గరే ఆగిపోయింది. ఇంతకుముందు అదే మూల నుంచి మొదలైన చీలిక చట్రపు గీత దాటి గోపురం నడినెత్తి దాకా 5 మి.మీ. పాకింది కనుక, ఇది నాకు ఎంతో ఉత్సాహాన్నిచ్చింది. రెక్కలు, ఫ్యూజిలాజ్ (విమానపు మొండెం), నాలుగు మెర్లిన్ ఇంజన్లు ఏ ఇబ్బందీ లేకుండా పూర్తయ్యాయి. అడుగు భాగానికి నలుపు కూడా వేశాను, 43 సెం.మీ. రెక్కల మోడల్‌కు శుద్ధమైన నలుపు కంటే కాస్త బూడిదరంగు కలిపిన నలుపే నప్పుతుందని నా అభిప్రాయం.

నేను చేస్తున్నది 1943-44 చలికాలంలో బెర్లిన్ మీదికి వెళ్ళిన విమానం. ఆ కాలంలో చాలామంది తోక గన్నర్లు తమ ఎదుటి పెర్‌స్పెక్స్ (పారదర్శక ప్లాస్టిక్) పలకను తీయించేశారు. చీకట్లో ఆ పలక మీది చిన్న గీత, నూనె మరక, మంచు పొర దూరాన వస్తున్న నైట్ ఫైటర్‌లా భ్రమ కలిగించేవి, లేదా నిజంగా వస్తున్నదాన్ని మరుగుపరిచేవి. విమానంలోని ఏడుగురి ప్రాణాలూ ఆ చూపు మీద ఆధారపడి ఉండేవి కాబట్టి, మైనస్ 40 డిగ్రీల దాకా పడిపోయే చలిగాలి ముఖానికి కొడుతున్నా, విద్యుత్తుతో వేడెక్కే దుస్తులు తొడుక్కుని నాలుగు .303 బ్రౌనింగ్ తుపాకుల వెనక ఏడెనిమిది గంటలు కూర్చునేవారు. అలాంటి ఖాళీని అద్దం అలాగే ఉంచి రంగుతో సూచించడానికి నాకు మనసొప్పదు, అందుకే అద్దంలో నిజంగానే కిటికీ కోస్తున్నాను.

కిట్ అద్దం మందం ముందు వైపు 1.1 మి.మీ., మూలల్లో 1.3 మి.మీ. ఉంది. 72తో హెచ్చిస్తే ఇది అసలు విమానంలో దాదాపు 8 సెం.మీ. అవుతుంది! అందువల్ల లోపలి నుంచి 0.6 మి.మీ. వరకు అరగదీశాను. కిటికీ కొలత 4 × 6.5 మి.మీ. నాలుగు మూలలా 0.5 మి.మీ. రంధ్రాలు చేత్తోనే, నీటి చుక్క వేస్తూ తొలిచి, వాటి మధ్య 0.1 మి.మీ. ఎచ్ రంపంతో (పలుచటి లోహపు రేకు రంపం) కోస్తున్నాను. మోటారు డ్రిల్లు ఎంత నెమ్మదిగా తిప్పినా ప్లాస్టిక్ కరిగి, బిట్ చుట్టూ గట్టులా పేరుకుని, చల్లారగానే చీలుతోంది. చేత్తో తొలిస్తే మూడు మూలలు శుభ్రంగా వస్తున్నాయి కానీ ఎడమ పై మూల మాత్రం రంపం ఇంకా 1 మి.మీ. దూరంలో ఉండగానే టక్కుమంటోంది.

స్ప్రూ కాడ (కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ కాడ) అతుక్కున్న చోటు సరిగ్గా ఆ మూలే. అచ్చులో పోసినప్పటి ఒత్తిడి అక్కడ నిలిచిపోయిందని నా అనుమానం. తెల్లటి ల్యాప్‌టాప్ తెర ముందు అద్దాన్ని పట్టుకుని పోలరైజ్డ్ కళ్ళజోడుతో చూస్తే, మిగతా చోట్ల పలచగా ఉన్న రంగుల చారలు ఆ మూలకు వచ్చేసరికి ఒకదానిపై ఒకటి ఒత్తుకుని కనిపించాయి. 70 డిగ్రీల నీటిలో మూడు గంటలు ఉంచి, థర్మాస్‌లోనే రాత్రంతా చల్లారనిచ్చాక చారలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. పగులు 2 మి.మీ.కు తగ్గింది ఆ తర్వాతే. తుడవడానికి వాడే ఐసోప్రొపిల్ ఆల్కహాల్ కూడా ఒత్తిడి ఉన్న పాలిస్టైరీన్‌కు పడదు కాబట్టి ఇప్పుడు సబ్బునీళ్ళే వాడుతున్నాను.

స్పేర్ల పెట్టెలో ఇంకొక్క అద్దమే ఉంది. దాన్ని కోయను; లోపల ఎపాక్సీ పుట్టీ నింపి అచ్చుగా మార్చి, 0.25 మి.మీ. పెట్-జీ (వేడికి మెత్తబడే పారదర్శక ప్లాస్టిక్) రేకును వేడి చేసి దాని మీదికి లాగుతాను. అప్పుడు మందం అసలు కొలతలో 18 మి.మీ.కు దిగుతుంది, కిటికీని కత్తెరతోనే కోయవచ్చు. చట్రాలకు 0.5 మి.మీ. వెడల్పున కోసిన టామియా మాస్కింగ్ టేపునే వాడతాను. అంత సన్నటి పట్టీ అంచు చెదరకుండా తెగేది, నేను వాడినవాటిలో అదొక్కటే.

టరెట్ వెనక తలుపులు తెరిచి, బయట ఫ్యూజిలాజ్‌లో పారాచూట్ మూట కూడా పెట్టాలని ఉంది. గన్నర్ పారాచూట్ తన దగ్గర కాక అక్కడ ఉండేది. 1944 మార్చి 24 రాత్రి బెర్లిన్ దాడిలో బ్రిటిష్ వాయుసేన 115 స్క్వాడ్రన్ గన్నర్ నికొలస్ ఆల్కెమేడ్ పారాచూట్ అక్కడే మంటల్లో కాలిపోయింది. ఆయన 18,000 అడుగుల ఎత్తు నుంచి అది లేకుండానే దూకి, ఫర్ చెట్ల మీదా మంచు మీదా పడి బతికాడు. ఆయన విమానం డీఎస్664, మార్క్ 2 రకం. మెర్లిన్‌లకు కొరత వస్తే ఆదుకోవడానికని హెర్క్యులిస్ ఇంజన్లతో కట్టిన 300 విమానాల్లో అదొకటి. తర్వాతి మోడల్ అదే. గుండ్రటి ఇంజన్ కౌలింగుల (ఇంజన్ మీది తొడుగుల) కొలతలు గీయడం మొదలుపెట్టాను.