డయాలసిస్ వార్డులోకి రోబో: అనుమతి కోసం నా అనుభవం

పేషెంట్ల మీద చేసే పరిశోధనలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ఉత్తరం నిన్న సాయంత్రమే చేతికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మా శ్రీకాకుళంలో డయాలసిస్‌కి, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం ప్రాంతం వాళ్లు చాలామంది వస్తారు. కవిటి నుంచి, సోంపేట నుంచి వారానికి రెండు మూడుసార్లు వచ్చి, వచ్చినప్పుడల్లా దాదాపు నాలుగు గంటలు ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్న చెయ్యి కదపకుండా పడుకోవాలి. ఆ సమయంలో వాళ్లని పలకరించి, కబుర్లాడి, కాళ్ల వ్యాయామం గుర్తుచేసే చిన్న రోబో మాది. మనిషిని ముట్టుకోదు. తల తిప్పుతుంది, మాట్లాడుతుంది, అంతే. స్పిరిట్‌తో తుడవాలి కదా అని బొచ్చు పెట్టకుండా నున్నటి ప్లాస్టిక్ వేశాం. "తినీసినాను" అంటే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌కి అర్థం కాలేదు, మా వీధి పెద్దవాళ్ల గొంతులు రికార్డు చేసి నేర్పించాను. ఉత్తరాంధ్ర యాస దీనికి తెలిసినంతగా ఇంకో యంత్రానికి తెలియదని ధైర్యంగా చెప్తాను.

తయారీ, టెస్టింగ్ సాఫీగానే అయ్యాయి. కమిటీ ముందుకెళ్లిన రోజే నరకం. పొద్దున్న రమ్మని మధ్యాహ్నం దాకా వరండాలో నిలబెట్టారు. లోపలికెళ్తే ఒక సీనియర్ డాక్టరు గారు రోబో వైపైనా చూడకుండా "ఇది బొమ్మ కదమ్మా, పిల్లల వార్డుకి ఇచ్చేయ్" అన్నారు, అందరూ నవ్వారు. జపాన్ వాళ్ల పారో అనే, సీల్ జంతువు రూపంలో ఉండే రోబోని అమెరికాలో మందులు, వైద్య పరికరాలు చూసే ఎఫ్‌డీఏ 2009లోనే వైద్య పరికరంగా గుర్తించిందని చెప్తే "ఆ దేశం వేరు" అన్నారు. ముట్టుకోని యంత్రానికి గాయాల ఇన్సూరెన్స్ కాగితం అడిగారు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా తల దించలేదు.

ఆ గదిలో పనికొచ్చే ప్రశ్న వేసింది వైద్యంతో సంబంధం లేని ఒక సభ్యురాలు. "దీనికి అలవాటు పడిన ముసలమ్మకి, మీ ప్రాజెక్టు అయిపోయాక ఎవరు కబుర్లు చెప్తారు?" అన్నారు. దాని గురించే మళ్లీ కూర్చుని ప్లాన్ మార్చాం: రోబో ఎప్పటివరకు ఉంటుందో మొదటిరోజే చెప్తాం, చివరి వారాల్లో దాని సమయం తగ్గిస్తూ ఆ సమయానికి మా వలంటీర్లు వెళ్లి కూర్చుంటారు. యంత్రం చేసేవాళ్లందరూ మొదట ఆలోచించాల్సింది ఇదే, మోటార్ల గురించి కాదు.

మీరూ వెళ్తుంటే, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 ఎథిక్స్ మార్గదర్శకాలు ప్రింట్ తీసి పట్టుకెళ్లండి. రిస్కు తక్కువున్న వాటికి త్వరగా సమీక్ష చేసే పద్ధతి అందులో ఉంది, మీది దాని కిందకి వస్తుందేమో అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు. గొంతు రికార్డు చేస్తే దానికి పేషెంటు సంతకం విడిగా తీసుకోండి. ఫైలు ఇచ్చేటప్పుడు మీ కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి, క్లర్కు ఎంత విసుక్కున్నా సరే.